పుచ్చతోటలో నేతపట్టా: కలుపు మీద నలభై రోజుల లెక్క

సంక్రాంతి వెళ్లిన పది రోజులకు ప్రకాశం తీరంలోని కొత్తపట్నం వైపు ఒక ఇసుక పుచ్చ చేలో కలుపు పట్టా, అంటే కలుపు లేవకుండా నేల మీద పరిచే నల్లని నేతగుడ్డ, అంచు పట్టుకొని పైకెత్తి చూశాను. కింద నేల తడిగా, నల్లగా ఉంది. ఆ తడి మీద తుంగ మొలకలు వెల్లకిలా పడుకొని ఉన్నాయి. పచ్చదనం ఛాయ కూడా లేదు. వెన్న రంగులో, మడతలు పడిన నూలు పోగుల్లా, పైకి దారి దొరక్క పక్కలకు పాకాయి. ఒకదాన్ని వేలితో లాగితే పుటుక్కున తెగింది. తవ్వి చూస్తే దాని కింది గడ్డ మాత్రం గట్టిగానే ఉంది. అక్కడికి రెండడుగుల అవతల, పుచ్చ మొక్క కోసం పట్టాకు చేసిన రంధ్రంలో గుప్పెడు గరిక పచ్చగా నిలబడి ఉంది.

పట్టా కప్పిన చోట తుంగ ఆగింది కానీ చావలేదు. రంధ్రం దగ్గర గరిక ఆగను కూడా లేదు. ఆ చేను రైతు నన్ను అడిగింది ఒకే ఒక ప్రశ్న: "ఇది పరిస్తే ఇక కలుపు కూలీలను పిలవక్కర్లేదా అన్నా?" నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పుచ్చ వేసే వాళ్లు చాలామంది ఇప్పుడు ఈ ప్రశ్నే అడుగుతున్నారు. అవుననో కాదనో ఒక్క మాటలో తేల్చితే రైతుకు నష్టం. ఈ పట్టా ఏ కలుపును ఆపుతుంది, ఎన్నాళ్లు ఆపుతుంది, మన ఎండల్లో అది మొక్కకు ఏం చేస్తుంది అన్నవి విడివిడిగా చూడాలి.

ముందు మన కాలం సంగతి. రాష్ట్రంలో చాలా చోట్ల వర్షాలు నైరుతితో ముగిస్తే, నెల్లూరుకు అసలు వర్షాలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. ప్రకాశం తీరానికీ ఆ వానల్లో మంచి వాటాయే ఉంది. వానలు వెనక్కి తగ్గగానే, నేలలో పదును ఉండగానే పుచ్చ గింజ పడుతుంది. డిసెంబరు, జనవరిలో నాటితే ఎండలు ముదిరే వేళకు కాయ బండెక్కుతుంది. అయితే ఆ పదును కోసం ఎదురుచూస్తున్నది పుచ్చ ఒక్కటే కాదు. గలిజేరు, పాయలాకు, పల్లేరు, ఊద, అడవి తోటకూర, తుంగ, అన్నీ అదే వారంలో లేస్తాయి. సరిగ్గా అదే సమయానికి నెల్లూరు ఆయకట్టులో వరి నాట్లూ వరిలో కలుపు తీతా, టంగుటూరు, కొండపి వైపు పొగాకు ఆకు కోసి, దాన్ని ఆరబెట్టే బ్యారన్లకు ఎత్తే పనీ జోరుగా ఉంటాయి. పుచ్చతోటకు కూలీలు కావలసిన నాడు వాళ్లకు ఊళ్లో మరో రెండు చోట్ల పని సిద్ధంగా ఉంటుంది. కలుపు పట్టా మీద ఆశ పుట్టింది ఇక్కడే. ఆ ఆశ న్యాయమైనదే.

పుచ్చ పైరు మొత్తం కాలం రకాన్ని బట్టి సుమారు 70 నుంచి 90 రోజులు. అందులో కలుపుతో అసలు పోరు మొదటి 30, 40 రోజులే. మొలిచిన మొదట్లో పుచ్చ చాలా నెమ్మది. రెండు బీజదళాలు, నాలుగు ఆకులు వేసుకొని కూర్చుంటుంది. పాదుకూ పాదుకూ మధ్య నేలంతా ఎండకు తెరిచి ఉంటుంది. కలుపు అక్కడ ఇల్లు కట్టుకుంటుంది. తీగ సాగడం మొదలైతే కథ మారుతుంది. రోజురోజుకూ పాకి, నేలను కప్పి, తన నీడతో తానే కలుపును అణుస్తుంది. ఇంకో చిక్కు కూడా అప్పుడే మొదలవుతుంది. తీగ అల్లుకున్నాక చేలో కాలు పెట్టలేం. ఒక తీగ తొక్కితే ఆ కొసన ఉన్న పిందె పోతుంది. వేర్లలో ఎక్కువ భాగం పైపొరలోనే ఉంటాయి కాబట్టి పారతో లోతుగా చెక్కినా దెబ్బే. అంటే కలుపు తీయగలిగిన రోజులూ, తీయక తప్పని రోజులూ రెండూ ఆ నలభైలోనే ఉన్నాయి. ఏ పట్టా కొన్నా, ఏ షీటు పరిచినా మనం డబ్బు పెడుతున్నది ఈ నలభై రోజుల కోసమే. ఈ మాట గుర్తుంటే మిగిలిన లెక్కలు తేలికవుతాయి.

ఇప్పుడు పేర్ల గందరగోళం. అంగడికి వెళ్లి మల్చింగ్, అంటే మొక్కల చుట్టూ నేలను కప్పేది, కావాలంటే రెండు వేరు వేరు వస్తువులు చూపిస్తారు. ఒకటి మల్చింగ్ షీటు. పాలిథిన్ పొర, ఎక్కువగా 25, 30 మైక్రాన్ల మందం, ఒకవైపు వెండి రంగు, మరోవైపు నలుపు. నీరు దిగదు, గాలి ఆడదు. ఒకటి రెండు పంటలకు చిరిగిపోతుంది. రెండోది వీడ్ మ్యాట్. పాలీప్రొపిలీన్ పట్టీలతో యూరియా సంచిలా నేసిన నల్లని గుడ్డ. నేత సందుల్లోంచి వాన నీరు కిందికి దిగుతుంది, నేలకు గాలి ఆడుతుంది, వెలుగు మాత్రం దాదాపుగా కిందికి దిగదు. ఎండకు తట్టుకునే మందు కలిపి చేసిన మంచి రకం నాలుగైదేళ్లు వస్తుంది. నేను ఈ వ్యాసంలో నేతపట్టా అంటున్నది దీన్నే. ఇళ్ల ముందు తోటల్లో, పూలకుండీల కింద పరిచేదీ ఇదే కాబట్టి, పెరటి పద్ధతులన్నీ చేలోనూ పనికొస్తాయని చాలామంది అనుకుంటారు.

కొనేటప్పుడు మోసపోకుండా ఉండడానికి ఒక చిన్న పరీక్ష. నేతపట్టాను దాని బరువును బట్టి అమ్ముతారు. చదరపు మీటరు ముక్క ఎన్ని గ్రాములు తూగితే అన్ని జీఎస్‌ఎం. అర మీటరు పొడవు, అర మీటరు వెడల్పు ముక్క కోయించి, కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటాలో పెట్టండి. 25 గ్రాములు తూగితే అది 100 జీఎస్‌ఎం. 17, 18 గ్రాములే తూగితే దాని మీద ఏ అంకె అచ్చు వేసి ఉన్నా అది 70 జీఎస్‌ఎం. తర్వాత ఆ ముక్కను సూర్యుడికి ఎదురుగా పట్టుకోండి. నేత కూడలిలో సూది మొనంత చుక్కలు కనబడితే పరవాలేదు, జల్లెడలా కనబడితే వద్దు. చివరగా ముక్కను గిన్నె మూతికి గుంటగా కప్పి గ్లాసు నీళ్లు పోయండి. నిమిషంలో కిందికి దిగాలి. దిగకుండా నిలబడితే అది పూత పూసిన బరకం, వీడ్ మ్యాట్ కాదు.

పట్టా చేసే పని నిజానికి ఒక్కటే: వెలుగును ఆపడం. అందుకే దాని ప్రభావం కలుపు కలుపుకూ మారుతుంది. గింజతో పుట్టే కలుపు, అంటే ఊద, గలిజేరు, తోటకూర వంటివి, తడికి మొలిచి, వెలుగు లేక, గింజలో ఉన్న కాస్త ఆహారం అయిపోగానే చనిపోతాయి. వీటి విషయంలో నేతపట్టా గెలుపు సంపూర్ణం. కొన్ని గింజలైతే వెలుగు తగిలితే గానీ మొలవనే మొలవవు. అవి నిద్రలోనే ఉండిపోతాయి. పట్టా తీశాక దుక్కి దున్నితే మళ్లీ లేస్తాయి. ఆ సంగతి మరచిపోకూడదు.

తుంగ దగ్గర కథ వేరు. మన తీర ప్రాంతపు ఇసుకల్లో పుచ్చ రైతుకు అసలు శత్రువు ఇదే. ఆయుర్వేద దుకాణంలో తుంగముస్తలని తూచి అమ్మే ఆ సువాసన గడ్డలే చేలో దాని ఆస్తి. ఒక గడ్డ నుంచి సన్నని వేరు తీగ బయలుదేరి కొసన ఇంకో గడ్డ పెడుతుంది, దాని నుంచి మరొకటి. గొలుసులా నేల కింద అల్లుకుంటాయి. పైన ఆకు లాగితే ఆకే వస్తుంది, గొలుసు అక్కడే ఉంటుంది. దాని మొలక మొన సూదిలా గట్టిగా ఉంటుంది. పల్చటి మల్చింగ్ షీటును లోపలి నుంచి పొడుచుకొని బయటికి వచ్చేస్తుంది. తుంగ చేలో వెండి రంగు షీటు పరిచి, మూడు వారాల తర్వాత చూస్తే షీటంతా పచ్చ మేకులు దిగ్గొట్టినట్టుగా ఉంటుంది. ఆ దృశ్యం చూసి గుండె జారిన రైతులను నేను ఎరుగుదును. నేతపట్టా ఇక్కడ షీటు కన్నా చాలా మెరుగు. పట్టీలు బలంగా ఉంటాయి, మొన తగిలితే తెగవు. నేత సందులో దూరి ఎక్కడో ఒకటి పైకి రావచ్చు కానీ అధిక భాగం కిందే వంగి తెల్లబోతాయి. అయితే గడ్డలో నిల్వ ఉన్న ఆహారం గింజలో ఉన్నంత కొంచెం కాదు. ఒక మొలక చస్తే ఇంకోటి పంపుతుంది. ఒక పంటకాలం చీకటిలో ఉంచితే తుంగ బలహీనపడుతుంది, అంతే. పూర్తిగా పోయిందని ఎవరైనా చెబితే నమ్మకండి.

గరిక మూడో తరగతి. అది పొడుచుకొని రాదు. పట్టా కింద అడుగులకు అడుగులు పాకి, ఎక్కడ రంధ్రం ఉంటే అక్కడ తల ఎత్తుతుంది. పుచ్చ మొక్క పక్కనే దానికి తడీ ఎరువూ అందుతాయి. గరిక ఉన్న చేలో పట్టా పరచడానికి ముందే దున్ని, వేర్లు ఏరి గట్టు మీద ఎండేయాలి. ఆ పని దాటవేసి పట్టా పరిస్తే గరికకు మనమే పందిరి వేసినట్టవుతుంది.

కలుపు మందులతో సరిపెట్టుకోవచ్చు కదా అనేవాళ్లున్నారు. గడ్డి జాతి కలుపుకు పుచ్చ మీద ఎంచి కొట్టే మందులున్నాయి. వెడల్పాకు కలుపు మొలిచాక మాత్రం పుచ్చకు హాని లేకుండా దాన్ని చంపే మందు దొరకడం కష్టం, ఎందుకంటే పుచ్చ కూడా వెడల్పాకు మొక్కే. పక్కన వరి చేలో 2,4-డి అనే వెడల్పాకు కలుపు మందు కొట్టినప్పుడు గాలికి వచ్చిన తుంపరకే పుచ్చ ఆకులు ముడుచుకొని తీగ కొసలు వంకర తిరుగుతాయి. నెల్లూరు ఆయకట్టు అంచుల్లో పుచ్చ వేసే వాళ్లు పక్క రైతుతో ముందే మాట్లాడుకోవాలి.

ఇక వేడి. నా దృష్టిలో మన వాళ్లు సరిగా పట్టించుకోని విషయం ఇదే. పంట కింద పాలిథిన్ పరచడం మీద తొలి పరిశోధనలు 1950లలో అమెరికాలోని కెంటకీలో జరిగాయి. అక్కడ వసంతంలో నేల చల్లగా ఉంటుంది. పుచ్చకు నేల వెచ్చదనం కావాలి. 18, 20 డిగ్రీల కన్నా చల్లని నేలలో గింజ మొలకెత్తడానికే తటపటాయిస్తుంది. అందుకే అక్కడి రైతుకు నల్లని పొర రెండు రకాల మేలు చేస్తుంది: కలుపు ఆపుతుంది, నేలను వేడెక్కిస్తుంది. చలి దేశాల పుచ్చ రైతులు నల్లపట్టాను అంతగా మెచ్చుకోవడానికి కారణం ఈ రెండో మేలే. మనకు డిసెంబరు రాత్రుల్లో అది కొంచెం పనికొస్తే రావచ్చు. ఫిబ్రవరి దాటాక అదే గుణం దోషమవుతుంది. మార్చి మధ్యాహ్నం నల్లపట్టా మీద అరచేయి పెట్టి పది లెక్కపెట్టడం కష్టం. ఆ పట్టా అంచు లేత కాండానికి ఒరుసుకుంటే అక్కడ ఉడికినట్టు గోధుమ రంగు వలయం పడి మొక్క వాలిపోతుంది. రైతు దాన్ని తెగులనుకొని మందు కొడతాడు. తెగులు కాదు, కాలిన గాయం.

అందువల్ల నాటే తేదీయే ఇక్కడ తీర్పు చెబుతుంది. డిసెంబరు చివర, జనవరి మొదట్లో నాటిన తోటలో ఫిబ్రవరి నెలాఖరుకు తీగ పట్టాను కప్పేస్తుంది. ఆకు నీడ పడ్డాక పట్టా వేడెక్కదు. ఎండలు ముదిరే నాటికి మొక్కే దానికి గొడుగు. అదే ఫిబ్రవరి చివర, మార్చిలో నాటితే లేత మొక్కా మండే పట్టా ఒకే సమయంలో తలపడతాయి. అలాంటి ఆలస్యపు నాట్లకు నేను నల్ల నేతపట్టా వేయమని చెప్పను. వేసి తీరాలంటే పాదు చుట్టూ జానెడు మేర వరిగడ్డి పరచాలి, రంధ్రం అంచు మీద గుప్పెడు తడి ఇసుక పోసి గుడ్డ కాండానికి తగలకుండా చూడాలి.

వెండి రంగు షీటుకు ఇక్కడే ఒక గొప్ప అనుకూలత ఉంది. వెండి వైపు పైకి ఉంచితే వేడి తగ్గడమే కాదు, దాని మెరుపుకు పేనుబంక, తెల్లదోమ, తామరపురుగులు మొక్క మీద వాలడానికి తడబడతాయి. తామరపురుగులు మోసుకొచ్చే మొవ్వుకుళ్లు వైరస్ పుచ్చ తోటలను ఎంతగా దెబ్బతీస్తుందో రైతులకు చెప్పనక్కర్లేదు. తీగ కొసలు నిలువుగా లేచి, మొవ్వ ఎండి, కాయ మీద వలయాలు పడతాయి. నల్ల నేతపట్టా ఆ రక్షణ ఇవ్వదు. కలుపు ఒక్కటే చూసి పట్టా ఎంచుకుంటే ఈ లాభం పోగొట్టుకుంటాం. తుంగ లేని చేనుకు వెండి షీటు, తుంగ చేనుకు నేతపట్టా. ఇది నేను రైతులకు చెప్పే మొదటి మాట.

నీటి సంగతిలో నేతపట్టాదే పైచేయి. అకాలపు వాన పడితే కిందికి దిగుతుంది, బోదెల మీద నిలవదు. డ్రిప్ లేటరల్, అంటే చుక్కలుగా నీరిచ్చే సన్న గొట్టం, పట్టా కిందే ఉండాలి, పరచడానికి ముందే దాని ప్రతి రంధ్రం నుంచి చుక్క పడుతున్నదీ లేనిదీ చూసుకోవాలి. పట్టా వేశాక మూసుకుపోయిన చుక్క కంటికి కనిపించదు, మొక్క వాడిపోయాక తెలుస్తుంది. పట్టా వేయక ముందు ఇచ్చినంత నీరే ఇస్తే మాత్రం వేర్లు ఊపిరాడక మొదలు కుళ్లుతుంది. రెండు రోజులకొకసారి పట్టా అంచు ఎత్తి వేలెడు లోతు మట్టి తీసి పిడికిట్లో నొక్కండి. ముద్ద నిలబడి, తట్టితే విరగాలి. నీరు కారితే డ్రిప్ ఆపాలి. తీరం వెంట బోరు నీళ్లు ఉప్పగా ఉన్న ఊళ్లలో ఇంకో మేలు ఉంది. ఎండకు నీరు ఆవిరైపోయినప్పుడు ఉప్పు నేలపై పొరలో పేరుకుంటుంది. పట్టా ఆవిరిని తగ్గిస్తుంది కనుక మొక్క మొదట్లో ఉప్పు పేరుకోవడమూ నెమ్మదిస్తుంది. పంట తీశాక పట్టా చుట్టేస్తే, తర్వాతి ఈశాన్య వానలు మిగిలిన ఉప్పును కిందికి కడుగుతాయి.

పరిచే పనిలో రెండు చోట్ల తప్పులు జరుగుతాయి. మొదటిది రంధ్రం. కత్తితో కోస్తే నేత విడిపోతుంది. పోగులు ఊడి, మొక్క పెరిగే కొద్దీ కాండానికి చుట్టుకొని ఉరి బిగించినట్టవుతుంది. రంధ్రాన్ని కాల్చి చేయాలి. మూడు నాలుగు అంగుళాల వెడల్పున్న ఖాళీ పాలడబ్బాకు పొడుగాటి ఇనుప పిడి బిగించి, నిప్పుల మీద ఎర్రగా కాల్చి పట్టా మీద నొక్కితే గుండ్రంగా కాలి అంచు కరిగి గట్టిపడుతుంది. ఈ పని ఆరుబయట, గాలి వచ్చే వైపు నిలబడి చేయాలి, ఆ పొగ పీల్చకూడదు. రెండోది అంచులు. గుర్రపు నాడాలా వంచిన ఇనుప తీగ మేకులు ఎర్రనేలల్లో బాగా పట్టుకుంటాయి. కొత్తపట్నం, సింగరాయకొండ ఇసుకల్లో అవి వెన్నలో గుచ్చినట్టు దిగి, సముద్రపు గాలి ఒక్కసారి గట్టిగా వీస్తే అంతే తేలికగా లేచిపోతాయి. ఇసుక చేలో అంచును జానెడు లోతు చాలులో పూడ్చడమే మార్గం. లేకపోతే ఒక సాయంత్రపు గాలికి పట్టా లేచి, దానితోపాటు మొక్కలూ లేస్తాయి.

గింజ నేరుగా పెట్టడం కన్నా ట్రేలలో పెంచిన రెండు వారాల నారు నాటడం ఈ పద్ధతిలో మంచిది. గింజ పెడితే మొలక కొన్నిసార్లు రంధ్రం తప్పి పట్టా కిందికి వంగిపోతుంది. ప్రతి రంధ్రంలో వచ్చే కలుపును చేత్తో తీయక తప్పదు. ఎనిమిది అడుగుల వరసల్లో రెండడుగులకొక మొక్క లెక్కన ఎకరాకు 2,700 పైచిలుకు రంధ్రాలు. కూలీలు అక్కర్లేదా అన్న ప్రశ్నకు జవాబు ఇది: అక్కర వస్తుంది, కానీ పనిలో పెద్ద భాగం తగ్గుతుంది, మిగిలింది నడుము విరిచే పని కాదు.

తీగకు నేతపట్టా ఒక విధంగా నచ్చుతుంది. నులితీగలు నేత పోగులను పట్టుకొని గాలికి తీగ దొర్లిపోకుండా కాపాడతాయి. కాయ తడి మట్టికి తగలదు కాబట్టి అడుగు కుళ్లు తగ్గుతుంది, మార్కెట్టుకు శుభ్రమైన కాయ వెళుతుంది. కాయ పక్వాన్ని చూపే పసుపు మచ్చ పట్టా మీద కూడా యథాప్రకారం పడుతుంది, వెలుగు తగలకపోవడం వల్ల వచ్చే మచ్చ కదా. అయితే కోత అయ్యాక పచ్చి తీగను లాగితే నులితీగలతోపాటు పోగులు ఊడొస్తాయి. తీగను మొదట్లో కోసి వారం ఎండనిచ్చి, పెళుసెక్కాక ఊడ్చాలి.

ఇప్పుడు ఎవరూ వేయని లెక్క ఒకటి వేద్దాం. ఎకరా 43,560 చదరపు అడుగులు. ఎనిమిది అడుగుల వరసలంటే మొత్తం వరసల పొడవు 5,445 అడుగులు, దాదాపు 1,660 మీటర్లు. 1.2 మీటర్ల వెడల్పు షీటు వరస వెంట పరిస్తే సుమారు 1,990 చదరపు మీటర్లు కప్పుతుంది. 25 మైక్రాన్ల షీటు చదరపు మీటరుకు 23 గ్రాములు, అంటే ఎకరాకు 46 కిలోల ప్లాస్టిక్. అదే జాగాలో 100 జీఎస్‌ఎం నేతపట్టా వరస వెంట మాత్రమే వేస్తే 200 కిలోలు. చేనంతా కప్పితే 400 కిలోల పైమాట. షీటును పంటకొకటి మారుస్తామనుకుంటే, వరస పట్టా కనీసం ఐదు పంటలు, పూర్తి పట్టా తొమ్మిది పంటలు వస్తే తప్ప మనం వాడే ప్లాస్టిక్ తగ్గినట్టు కాదు. షీటునే జాగ్రత్తగా రెండు పంటలకు వాడే రైతుతో పోల్చితే ఆ అంకెలు రెట్టింపవుతాయి. ఏడాదికి ఒక్క పుచ్చ పంట వేసే చోట చేనంతా నేతపట్టా పరచడం నాకు ఏ లెక్కనా సమర్థనీయంగా కనబడలేదు. వరస వెంట మాత్రమే వేసి, మధ్య జాగాలో తీగ సాగే దాకా గుంటక తోలి, ఆ తర్వాత వరిగడ్డి పరిస్తే సరిపోతుంది. వరిగడ్డికి మనకు కొరత లేదు. దానిలో ఊద గింజలు ఉంటాయన్నది నిజమే. ఒకసారి తడిపి ఎండేసిన గడ్డి అయితే ఆ బెడద తగ్గుతుంది.

షీటు వాడేవాళ్లకు ఇక్కడ ఒక మాట, మనసులో బాధతోనే చెబుతున్నాను. చిరిగిన షీటును దున్ని నేలలో కలిపేయడం, గట్టున పోసి తగలబెట్టడం నేను చూస్తూనే ఉన్నాను. ముక్కలు కాలువలోకి వెళతాయి, పశువులు మేస్తాయి, మిగిలినవి మన మనవళ్లు దున్నే నేలలో ఉంటాయి. నేతపట్టా కూడా పాతబడితే పొట్టు రాలినట్టు పోగులు రాలుతుంది. చేత్తో నలిపితే పొడి రాలిన రోజు దాన్ని చేలో నుంచి తీసేయాలి, ఇంకో ఏడాది లాగుదాం అనుకోకూడదు. ఏళ్ల తరబడి కదపకుండా ఉంచడమూ తప్పే. పైన దుమ్ము పేరుకొని, ఆ దుమ్ములో గాలికొచ్చిన గింజలు మొలిచి, వేర్లు నేత గుండా కిందికి దిగుతాయి. అప్పుడు కలుపునూ పీకలేం, పట్టానూ పీకలేం. కోత కాగానే చుట్టి కొట్టంలో పెట్టాలి. చుట్టేటప్పుడు అంచుల కింద ఎలుకలు, వాటి కోసం వచ్చిన పాములు ఉండవచ్చు. కర్రతో తట్టి, పగటి వెలుగులోనే ఎత్తాలి.

పట్టాకు రంధ్రాలు పడ్డాక ఇంకో ప్రలోభం ఉంటుంది. అవే రంధ్రాలు, అదే కొలత, అదే చేలో మళ్లీ పుచ్చ లేదా ఖర్బూజ. ఎండు తెగులు శిలీంధ్రం నేలలో ఏళ్ల తరబడి బతుకుతుంది. దోస జాతి పంటల మధ్య కనీసం మూడు నాలుగేళ్ల ఎడం ఉండాలి. కాబట్టి పట్టా చేను మారాలి, లేదా పంట మారాలి. మొక్కలు ఎండు తెగులుతో పోయిన చేలో వాడిన పట్టాను ఇంకో చేనుకు తీసుకెళ్లకపోవడమే మంచిది. అతుక్కున్న మట్టితోపాటు తెగులూ ప్రయాణిస్తుంది.

నేతపట్టాకు నేను అన్నిటికన్నా ఎక్కువ విలువ ఇచ్చే ఉపయోగం పంటకు ముందే ఉంది, దాన్ని చాలా తక్కువమంది వాడుతున్నారు. డిసెంబరులో ఈశాన్య వానలు తెరిపి ఇవ్వగానే దుక్కి చేసి బోదెలు తోలి, ఆ తడి మీద రంధ్రాలు లేని పట్టా కప్పి నాలుగు వారాలు వదిలేయండి. పైపొరలో ఉన్న గింజల్లో చాలా భాగం ఆ తడికీ వెచ్చదనానికీ మొలిచి చీకట్లో చస్తాయి. పట్టా తీశాక మళ్లీ దున్నకూడదు, దున్నితే కొత్త గింజలు పైకి వస్తాయి. అలాగే నారు నాటాలి. ఇలా వాడే పట్టాకు రంధ్రాలు ఉండవు, పోగులు ఊడవు, ఒకే పట్టాను ఏడాదిలో రెండు మూడు మడుల మీదికి మార్చవచ్చు. పది సెంట్ల పట్టా ఉన్న రైతు, ముందుగా మొదలుపెడితే, ఇరవై ముప్పై సెంట్లకు దాన్ని తిప్పుకోగలడు. తుంగ, గరిక దీనితో పోవు. మిగిలినవన్నీ గణనీయంగా తగ్గుతాయి.

కౌలు రైతుల విషయం ప్రత్యేకంగా ఆలోచించాను. మన తీరం వెంట పుచ్చ వేసే వాళ్లలో కౌలుకు తీసుకున్న వాళ్లు తక్కువేం కాదు. చేను మారినా పట్టా చుట్టుకొని వెంట తీసుకెళ్లవచ్చు, అది నేతపట్టాలో ఉన్న మంచి. కానీ మొదటి ఏడాదే ఎక్కువ పెట్టుబడి పెట్టాలి, పుచ్చ ధర పడిపోయిన ఏడాది ఆ భారం మోయడం కష్టం. అందుకే అప్పు తెచ్చి ఎకరా మొత్తం కప్పమని ఎవరికీ చెప్పను. తుంగ ఎక్కువగా ఉన్న పది సెంట్లతో మొదలుపెట్టమంటాను. ఉద్యాన మిషన్ కింద మల్చింగ్‌కు ఖర్చులో సగం దాకా రాయితీ ఉంటుంది. అది ఏ రకానికి, ఏ మేరకు వర్తిస్తుందో కొనడానికి ముందే రైతు సేవా కేంద్రంలో అడిగి రాయించుకోవాలి. బిల్లు తెచ్చాక అడిగితే లాభం ఉండదు.

తుంగ సంగతి మిగిలింది. దాన్ని ఓడించేది పట్టా కాదు, మన ఎండ. ఏప్రిల్‌లో ఆఖరి కోత అయ్యి పట్టా చుట్టేశాక చేనుకు నీరు పెట్టవద్దు. రెండుసార్లు దున్ని, మట్టి తిరగేసి, పైకి వచ్చిన గడ్డలను అలాగే ఎండకు వదిలేయండి. తుంగగడ్డల్లో ఎక్కువ భాగం పై ఆరంగుళాల్లోనే ఉంటాయి, నాగలి అందుకోగలిగిన లోతే. మొలక పంపి పంపి నీరసించిన గడ్డలు మరీ త్వరగా ఎండుతాయి. రోహిణి కార్తె వచ్చేనాటికి ఒక గడ్డ తీసి గోటితో చీల్చి చూడండి. లోపల తెల్లగా, తడిగా, వాసనతో ఉంటే ఇంకోసారి దున్నాలి. గోధుమరంగుకు తిరిగి, చెక్కముక్కలా పొడిగా విరిగితే ఇక అది మొలవదు.